పుదుచ్చేరిలో ఒక గోల్కొండ

గోల్కొండ అనగానే మనకి కోట గుర్తొస్తుంది. ఫతే దర్వాజా కింద చప్పట్లు కొడితే బాలా హిస్సార్ పైదాకా వినపడటం గుర్తొస్తుంది. అదే పేరుతో పుదుచ్చేరిలో ఒక ఇల్లుందని మనలో చాలామందికి తెలియదు. శ్రీ అరవిందో ఆశ్రమంలో సాధకులు ఉండటానికి కట్టిన మూడంతస్తుల నివాసం అది. ఫ్రెంచి పలుకుబడిలో చివరి అచ్చు మింగేసి ‘గోల్కోండ్’ అంటారు. బూడిదరంగు కాంక్రీటు, దానికి ఈ చివరి నుంచి ఆ చివరిదాకా అడ్డంగా పేర్చిన లూవర్ రెక్కలు, అంటే తిప్పి తెరిచి మూసుకునే పలుచటి పలకలు. వీధిలోంచి చూస్తే అంతే. లోపల గాలి ఎలా నడుస్తుందో, పాదం కింద నేల ఎంత చల్లగా ఉంటుందో బయటికి ఏమీ చెప్పదు.

ఆ పేరు ఊరికే పెట్టింది కాదు. కట్టడానికి డబ్బు హైదరాబాదు నుంచి వచ్చింది. నిజాం దగ్గర ప్రధానిగా ఉన్న సర్ అక్బర్ హైదరీ ఆశ్రమం అంటే భక్తి ఉన్న మనిషి. ఆయన చొరవతో లక్ష రూపాయల విరాళం అందింది. ఆ రోజుల్లో లక్ష అంటే చిన్న మాట కాదు. ఆ కృతజ్ఞతకి గుర్తుగా, వజ్రాలకి పేరుపడ్డ గోల్కొండ పేరు పెట్టారు. నైజాం డబ్బు, ఫ్రెంచి వాళ్ల ఊరు, టోక్యో నుంచి వచ్చిన నక్షాలు, చెట్టినాడు గచ్చు, కాళ్ల కింద మన కడప రాయి. ఇన్ని చోట్ల సొత్తు ఒక్క కప్పు కింద చేరిన ఇల్లు మన దేశంలో ఇంకోటి చెప్పమంటే కష్టమే.

నక్షాలు గీసినవారు ఆంటొనిన్ రేమండ్. పుట్టింది చెక్ దేశంలో, స్థిరపడింది అమెరికాలో. అమెరికా వాస్తుశిల్పి ఫ్రాంక్ లాయిడ్ రైట్‌తో కలిసి ఇంపీరియల్ హోటల్ పనికని టోక్యో వెళ్లి, అక్కడే సొంత ఆఫీసు పెట్టుకున్నారు. కాంక్రీటుని ముసుగు లేకుండా వాడటం ఆయన జపానులోనే సాధన చేశారు. ఆశ్రమంలో పవిత్ర అనే పేరుతో ఉన్న ఫ్రెంచి ఇంజినీరు ఫిలిప్ సాంతిలేర్ కూడా అంతకుముందు జపానులో ఉన్నవారే, ఆ పరిచయమే రేమండ్‌ని ఇటు తిప్పింది. రేమండ్ ఆఫీసు నుంచి పని చూసుకోవడానికి జార్జ్ నకషిమా వచ్చారు. ఆ తర్వాత ఫ్రాంతిషెక్ సామర్ వచ్చారు. ఈయన చెక్ దేశస్థుడు, పారిస్‌లో పేరున్న వాస్తుశిల్పి ల కొర్బూజియే దగ్గర పనిచేసినవాడు. కట్టడం 1937లో మొదలైంది. 1938లో రేమండ్ కుటుంబంతో వచ్చి కొన్ని నెలలు అక్కడే ఉన్నారు. నకషిమా అయితే జీతం వద్దని చెప్పి ఆశ్రమవాసి అయిపోయారు, సుందరానంద అన్న పేరు తీసుకున్నారు. తర్వాతి కాలంలో అమెరికాలో చెక్క బల్లలు, కుర్చీలు చేసి ప్రపంచమంతా పేరు తెచ్చుకున్న నకషిమా ఈయనే. గోల్కొండ గదుల్లోని టేకు సామానులో ఆ చేతి తొలి రోజులు కనపడతాయి.

1939లో యుద్ధం వచ్చింది. సరుకు రావడం కష్టమైంది. సామర్ 1942లో బ్రిటిష్ సైన్యంలో చేరడానికి వెళ్లిపోయారు. పని మెల్లగా 1940ల మధ్యదాకా సాగింది. ల కొర్బూజియే చండీగఢ్ కోసం మన దేశంలో కాలుపెట్టింది 1951లో. అప్పటికే ఈ ఇంట్లో మనుషులు కాపురం ఉంటున్నారు. ఆధునిక వాస్తు మన దేశానికి చండీగఢ్‌తోనే వచ్చిందని రాసేవాళ్లు ఈ సంగతి ఒక్కసారి గుర్తు చేసుకోవాలి.

ఇక ఇంటి సంగతి. రెండు పొడవాటి భాగాలు, మధ్యలో మెట్ల గది. రెండు భాగాలూ ఒకే గీతలో లేవు, ఒకటి కాస్త ముందుకి, ఒకటి కాస్త వెనక్కి. పొడవు గోడలు ఉత్తర దక్షిణాలకి, పొట్టి గోడలు తూర్పు పడమరలకి. గదులన్నీ దక్షిణం వైపు ఒకే వరస. ఉత్తరం వైపు పొడవునా వసారా. కింద సగం నేలలోకి దిగిన అంతస్తులో బట్టలు ఉతకడం లాంటి పనులు.

ఈ అమరిక ఎందుకో తెలియాలంటే సూర్యుడి లెక్క చూడాలి. పుదుచ్చేరి సుమారు 12 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. డిసెంబరు 21 ప్రాంతంలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు దక్షిణాన దాదాపు 55 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. జూన్ 21 ప్రాంతంలో నడినెత్తి దాటి ఉత్తరం వైపుకి జరిగి, 78 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. ఏప్రిల్ మూడో వారం దాటాక ఆగస్టు మూడో వారం దాకా మధ్యాహ్నం నీడ దక్షిణానికే పడుతుంది. అంటే మండువేసవి ఎండ తగిలేది ఉత్తరం గోడకి. అక్కడ గది లేదు, వసారా ఉంది. ఎండ వసారాలోనే ఆగిపోతుంది, మంచం దాకా రాదు. ఉదయం, సాయంత్రం వాలుగా వచ్చే ఎండని ఏ చూరూ ఆపలేదు. అందుకే ఆ రెండు దిక్కులకీ పొట్టి గోడలే ఇచ్చారు.

వానకీ ఇదే లెక్క. అక్కడ పెద్ద వానలు ఈశాన్య రుతుపవనాలతో, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. ఆ జల్లు కూడా ముందు ఉత్తరం వసారాకే తగులుతుంది. ఒక్క వసారా ఎండకీ వానకీ రెండింటికీ కాపలా కాస్తుంది.

ఉత్తర దక్షిణ గోడలకి అద్దం కిటికీలు లేవు. గోడంతా కదిలే లూవర్లే. ఇక్కడ ఒక చిన్న లెక్క చెబితే ఆ రెక్కల సుళువు అర్థమవుతుంది. డిసెంబరు మధ్యాహ్నపు ఎండని 1 మీటరు ఎత్తు కిటికీలోకి రానివ్వకూడదంటే, పైన దాదాపు 70 సెంటీమీటర్ల సన్‌షేడ్ కావాలి. అదే మీటరుని 10 రెక్కలుగా విడగొడితే ఒక్కో రెక్కకి 7 సెంటీమీటర్ల వెడల్పు చాలు. నీడ అంతే, బరువు తక్కువ, పైగా రెక్కని తిప్పుకోవచ్చు. రెక్క నేలకి సమంగా ఉంటే గాలి నేరుగా వస్తుంది. బయటి అంచు కిందికి వాలిస్తే ఎండా జల్లూ ఆగుతాయి, గాలి మాత్రం కొంత వస్తూనే ఉంటుంది. పూర్తిగా మూస్తే పైరెక్క అంచు కింది రెక్క మీదికి వచ్చి కూర్చుంటుంది. ఇత్తడి మీట ఒకటి పట్టుకుని తిప్పితే ఆ విభాగంలోని రెక్కలన్నీ ఒక్కసారే కదులుతాయి. పొద్దున్న ఒకలా, మధ్యాహ్నం ఒకలా, వాన మబ్బు పట్టినప్పుడు ఒకలా. ఇంట్లో ఉన్న మనిషి రోజూ ఇల్లుని సరిచేసుకుంటూ ఉండాలి. స్విచ్ వేసి మర్చిపోయే అలవాటు ఇక్కడ పనికిరాదు. ఈ ఇంట్లో అన్నిటికన్నా ముచ్చటైన విషయం అదే.

గాలి రావడానికి దారి ఒక్కటే ఉంటే చాలదు, పోవడానికీ ఉండాలి. చాలా ఇళ్లలో దక్షిణం కిటికీ తెరిచి గాలి రాలేదని బాధపడతారు. వెనక తలుపు మూసి ఉంటుంది, గాలి ఎక్కడికి పోతుంది? గోల్కొండలో గదికీ వసారాకీ మధ్య టేకు తలుపులు పక్కకి జరుగుతాయి. వాటి పట్టీలని ముందూ వెనకా వరసల్లో అమర్చారు. వసారాలో నడిచేవాళ్లకి లోపలి మనిషి కనపడడు, గాలి మాత్రం సందుల్లోంచి దాటిపోతుంది. తలుపు వేసుకున్నా గాలి ఆగదు, మరుగు పోదు. మన ఊళ్లలో వెదురు తడికలు చేసిన పనే ఇది, కాకపోతే టేకులో, వడ్రంగి మిల్లీమీటరు తేడా రానివ్వకుండా చేసింది. తోటల్లోనూ ఆలోచన ఉంది. ఉత్తరం వైపు చెట్లు చిక్కగా, దక్షిణం వైపు కాస్త తెరిపిగా. నీడ వైపు గాలి చల్లగా, ఎండ వైపు వేడిగా ఉంటే, సముద్రపు గాలి పడిపోయిన వేళ కూడా ఇంట్లో కొద్దిపాటి కదలిక మిగులుతుంది.

ఆ లూవర్లు ఆస్బెస్టాస్ సిమెంటువి. దాని ధూళి ఊపిరితిత్తులకి చేటు కాబట్టి ఈరోజు ఆ మాట వింటే భయపడతాం, ఆ భయం సరైనదే. కానీ ఆ రోజుల్లో సముద్రం పక్కన ఇంకేది పెట్టాలన్నా చిక్కే. చెక్క రెక్క ఎండకీ వానకీ వంకర తిరుగుతుంది, పక్క రెక్కతో కలిసి మూసుకోదు. ఇనుప రేకు అంచులని ఉప్పు గాలి కొన్నేళ్లలోనే తినేస్తుంది. ఆస్బెస్టాస్ సిమెంటు వంగదు, తుప్పు పట్టదు, పలచగా ఉన్నా నిలబడుతుంది. దాని లోపం పెళుసుతనం. ఇరుసు దగ్గర ఉప్పు, దుమ్ము కలిసి గట్టిపడితే మీట బిగుసుకుంటుంది. బిగుసుకున్న మీటని బలంగా లాగితే తిరగని రెక్క మూల దగ్గర పుటుక్కున విరుగుతుంది. అందుకని బిగిసిందంటే లాగకూడదు. ముందు ఏ రెక్క తిరగట్లేదో చూసి, ఇరుసు చుట్టూ తడిగుడ్డతో ఉప్పు తుడిచి, ఆరాక కాస్త మైనం రాయాలి. గ్రీజు రాస్తే ఆ వారం బాగానే ఉంటుంది, తర్వాత దానికే దుమ్ము అంటుకుని ఇసుక కాగితంలా ఇరుసుని అరగదీస్తుంది.

ఇత్తడి సంగతి దగ్గర కాసేపు ఆగాలి. మీటలు, గడియలు, తలుపు పిడులు, బందులు, ఇంటి కొలతలకి సరిపడేవి బజారులో దొరకవు. యుద్ధం రోజుల్లో అసలే దొరకవు. అందుకని వాటిని ఆశ్రమంలోనే పోత పోసుకున్నారు, దానికోసమే హార్పగాన్ అనే వర్క్‌షాపు పుట్టింది. భక్తులు ఇచ్చిన పాత ఇత్తడి గిన్నెలు, చెంబులు కరిగించి వాడారు. ఎవరింట్లోనో నీళ్లు కాగిన బిందె ఇప్పుడు ఎవరి గదికో గడియ.

పాత గిన్నెలతో పోత పోయడం అనుకున్నంత తేలిక కాదు. ముందు కళాయి గీకెయ్యాలి. అది తగరం. అతుకుల దగ్గర సీసం కూడా ఉండొచ్చు, ఆ ముక్కలు కత్తిరించి పక్కన పెట్టాలి. అవి కలిస్తే లోహం రంగు మారుతుంది, మీట విరిగే గుణం వస్తుంది. ఇత్తడి 900 డిగ్రీలు దాటాక కరుగుతుంది. ఇంకా కాగనిస్తే అందులోని జింకు తెల్లటి పొగై పోతుంది. ఆ పొగ పీలిస్తే రాత్రికి చలిజ్వరం పట్టుకుంటుంది. కాబట్టి కరగడం, పోయడం మధ్య ఆలస్యం ఉండకూడదు. చెక్కతో చేసే నమూనా, కావలసిన సైజు కంటే నూటికి ఒకటిన్నర, రెండు వంతులు పెద్దదిగా ఉండాలి, చల్లారాక లోహం అంత కుంచించుకుపోతుంది. ఇసుక మూసలో తడి ఎక్కువైతే ఆవిరి లోహంలో బుడగలు కడుతుంది, తక్కువైతే మూస అంచు రాలి మీట మీద గరుకు మిగులుతుంది. గుప్పెట్లో ఇసుక నొక్కి విప్పితే వేళ్ల గుర్తులు పడి, రెండుగా విరిచినప్పుడు అంచు చెదరకుండా ఉండాలి. పాత పోతగాళ్ల పరీక్ష అదే. బయటికి తీశాక ఆకురాయి పని, ఆ తర్వాత మెరుగు. ఒక్క మీటకి ఇంత.

పైకప్పు రెండు పొరలు. అడుగున చదునైన కాంక్రీటు స్లాబు. దాని మీద ముందే పోసి ఆరబెట్టిన పలుచటి కాంక్రీటు పెంకులు, వంపుగా ఉన్నవి, వరసగా పరిచారు. మధ్యలో ఖాళీ. ఎండ పై పెంకుని కాలుస్తుంది, ఆ వేడి స్లాబుకి చేరేలోపు గాలి కొంత మోసుకుపోతుంది. ఇప్పుడు డాబాల మీద రేకుల షెడ్డు వేసుకునేవాళ్లు తెలియకుండా చేస్తున్నది ఇదే పని. అయితే చాలామంది పక్కలు మూసేస్తారు. మూస్తే మధ్యలో గాలి కదలదు, ఆ ఖాళీయే పొయ్యి అవుతుంది. రెండు వైపులా తెరిచి ఉంచాలి, ఆకులూ పక్షిగూళ్లూ అడ్డం పడకుండా ఏడాదికోసారి చూసుకోవాలి.

గోడల లోపలి వైపు చెట్టినాడు గచ్చు. గుల్ల సున్నంతో చేసే ఆ గచ్చులో తొందర పనికిరాదు. సున్నం నానబెట్టి, వడగట్టి, రుబ్బి, ముతక పొర నుంచి మెత్తటి పొరకి ఒకదాని మీద ఒకటి ఎక్కిస్తారు. అడుగు పొర పచ్చి వీడకముందే పైపొర పడాలి. ఆరిపోయాక వేస్తే పెచ్చుగా లేస్తుంది. ఆఖరి పొర వెన్నలా ఉంటుంది, దాన్ని నున్నటి రాయితో గంటలకొద్దీ రుద్దుతారు. రుద్దే కొద్దీ చెమర్చినట్టు తడి పైకొస్తుంది, తుడిచి మళ్లీ రుద్దుతారు. అలా తేరిన గోడకి రంగు అక్కర్లేదు. దాని మీద ప్లాస్టిక్ పెయింటు వేయడం మహా పాపం. లోపలి తేమ బయటికి రాలేక పొక్కులు కడుతుంది, పొక్కుతో పాటు గచ్చు ఊడుతుంది. సిమెంటుతో మాసిక వేసినా అంతే, ఆ గట్టి ముక్క చుట్టూ పగులు వస్తుంది.

నేల కడప నల్లరాయి. మన వంటింటి గట్టు మీద ఉండే ఆ రాయే. సున్నపురాయి జాతి కాబట్టి దానికి పులుపు పడదు. నిమ్మరసం, చింతపండు పులుసు, బాత్రూం యాసిడ్, ఏది పడ్డా మెరుపు పోయి తెల్లటి మచ్చ మిగులుతుంది. ఆ మచ్చ మరక కాదు, రాయి కరిగిన చోటు. తుడిస్తే పోదు, మళ్లీ పాలిష్ పట్టాలి. ఉత్తి నీళ్లతో తుడిచి, పొడిగుడ్డతో ఆరబెట్టడమే దానికి మంచిది. రెక్కలు కాస్త తెరిచినప్పుడు ఆ నల్లటి నేల మీద సన్నటి వెలుగు గీతలు పడతాయి. తెల్లటి నేల అయితే ఆ వెలుగంతా కళ్లలోకి కొట్టేది. నల్లరాయి దాన్ని తాగేస్తుంది. రంగు అందానికే ఎంచుకున్నారనుకుంటే పొరపాటు.

ఇన్నిటికీ ఎముక గూడు కాంక్రీటు. ప్లాస్టరు పూసి దాచని కాంక్రీటు. సెంట్రింగు విప్పాక ఏది కనపడితే అదే బయటి ముఖం. మామూలు ఇంట్లో స్తంభం తేనెపట్టులా వచ్చినా మేస్త్రి మసాలా కొట్టి మూసేస్తాడు, ఇంటాయనకి తెలియదు. ఇక్కడ ఆ వీలు లేదు. పలక పలకకీ మధ్య సందు ఉంటే అందులోంచి సిమెంటు పాలు కారి, ఆ గీత వెంట కంకర బయటపడుతుంది. ఆ గీత ఇల్లున్నంత కాలం ఉంటుంది. అందుకే షట్టరింగు చేసే వడ్రంగికి తలుపులు చేసే వడ్రంగి చెయ్యి కావాలి.

సముద్రపు గాలిలో కాంక్రీటుకి అసలు శత్రువు ఉప్పు. అది కంటికి కనపడని రంధ్రాల గుండా లోపలికి దిగి చువ్వని చేరుతుంది. చువ్వ తుప్పు పడితే ఇనుము కంటే తుప్పు ఎన్నో రెట్లు చోటు ఆక్రమిస్తుంది, ఆ ఒత్తిడికి పై కాంక్రీటు పెచ్చుగా లేస్తుంది. కాంక్రీటు పనికి మన దేశపు ప్రమాణమైన ఐఎస్ 456 లెక్కలో సముద్ర తీరపు వాతావరణానికి చువ్వ మీద కనీసం 45 మిల్లీమీటర్ల కాంక్రీటు కవరు, కనీసం ఎం30 బలం ఉన్న కాంక్రీటు, సిమెంటుకి నీటి పాలు 0.45 మించకూడదు. 1930ల ఇళ్లు ఈ నియమాలు పుట్టకముందువి. వాటిలో చువ్వలు పైకే ఉండటం, రెక్కలు, చూరుల లాంటి పలుచటి చోట్ల ఇంకా పైకి ఉండటం సహజం. అలాంటి ఇంటికి రక్ష క్రమం తప్పని చూపు ఒక్కటే. ఏడాదికోసారి చిన్న సుత్తితో తట్టుకుంటూ పోవాలి. గట్టి చోట ఖంగుమంటుంది, లేచిన చోట డొల్లగా పలుకుతుంది. సన్నటి పగులు పక్కన గోధుమరంగు చార కనపడితే లోపల తుప్పు మొదలైనట్టే. అక్కడ పైపైన సిమెంటు మెత్తితే ఒకటి రెండు వానాకాలాలు మాత్రమే ఆగుతుంది. చువ్వ వెనక వేలు దూరేంత దాకా తవ్వి, చువ్వ మెరిసేదాకా బ్రష్షుతో గీకి, జింకు ప్రైమరు వేసి, అప్పుడు పూడ్చాలి. పూడ్చిన మసాలా రంగు ఆరాక మారుతుంది కాబట్టి ముందే నాలుగైదు పాళ్లలో ముక్కలు పోసి, ఎండలో పెట్టి, నెలాగి పాత గోడ పక్కన పోల్చుకోవాలి. ముసుగులేని కాంక్రీటు మీద మాసిక కనపడకుండా వేయడం చెయ్యి తిరిగినవాళ్లకే సాధ్యం.

గోల్కొండలో ఉండేవాళ్లకి నియమాలు మొదటి నుంచీ గట్టివి. గోడకి మేకు కొట్టడం లాంటివి అక్కడ ఊహించలేం. 1945లో శ్రీ అరవిందులు రాసిన ఒక ఉత్తరంలో ఈ ఇంటి ప్రస్తావన ఉంది. వస్తువులలో కూడా చైతన్యం ఉంటుందని, వాటిని నిర్లక్ష్యంగా వాడి పాడుచేయడం తప్పని ఆయన భావం. ఇంటికి రూపం ఇచ్చింది రేమండ్ అయినా ఆ ఇల్లు ఎలా ఉండాలో నిశ్చయించింది ఆశ్రమాన్ని నడిపిన శ్రీమాత. సంరక్షణని ఆవిడ సాధనలో భాగంగా పెట్టారు. ఎనభై ఏళ్లు దాటినా అది చూపుడు వస్తువు కాలేదు, ఇప్పటికీ మనుషులు ఉంటున్న ఇల్లే. అందుకే ఎవరు పడితే వాళ్లు వెళ్లి చూడటానికి వీలుండదు, ముందుగా ఆశ్రమం అనుమతి తీసుకోవాలి.

తర్వాత మన ఊళ్లలో లూవర్లు చాలా వచ్చాయి. ఆఫీసులకి, హాస్టళ్లకి, బాత్రూములకి. ఎక్కువ చోట్ల అవి కదలని కాంక్రీటు పలకలు. పడమటి గోడకి అడ్డ పలకలు పెట్టారు, సాయంత్రపు ఎండ వాటి మధ్యలోంచి తిన్నగా లోపలికి వచ్చింది. పడమరకి నిలువు పలకలే పనికొస్తాయి. కొన్ని చోట్ల పలకలు లోపలికి వాలి ఉన్నాయి, వాన నీళ్లు గదిలోకే జారాయి. ఇంకొన్ని చోట్ల రెండో వైపు గోడ మూసేసి, గాలి రావట్లేదని ఫ్యాన్లు బిగించారు. చూసినది రూపం, లెక్క చూడలేదు. ఆ ఇల్లు గుర్తొచ్చినప్పుడల్లా మనసు చివుక్కుమనేది ఇక్కడే.

ఇప్పుడు ఇలాంటి పాత ఇళ్లన్నిటికీ ఉన్న చిక్కు, విరిగిన ఆస్బెస్టాస్ రెక్క స్థానంలో ఏది పెట్టాలన్నది. పగలని రెక్కతో ప్రమాదం తక్కువ, దాన్ని ఊడదీయకుండా వాడుకోవచ్చు. పొడిగా కోయకూడదు, డ్రిల్లు వేయకూడదు, ఇసుక కాగితంతో రుద్దకూడదు. విరిగిన ముక్కని నీళ్లతో తడిపి, మాస్కు వేసుకుని తీసి, మందపాటి ప్లాస్టిక్ సంచిలో రెండు చుట్లు చుట్టి, ప్రమాదకర వ్యర్థాలు తీసుకునేవాళ్లకే ఇవ్వాలి. దాని చోట ఆస్బెస్టాస్ లేని ఫైబర్ సిమెంటు పలక పెట్టొచ్చు, కాకపోతే కొనేముందు తూచి చూడాలి. కొత్త రెక్క బరువు పాతవాటికి సరిపోకపోతే, మీట వదిలిన మరుక్షణం ఆ వరస మొత్తం ఒక పక్కకి జారి మూసుకుంటుంది.